వరుసరేవు వేషగాళ్ళు

చికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ళకి అరోరా అంటే ముందు గుర్తొచ్చేది బాలాజీ గుడి. ఆ గుడి నుంచి ఐ-88 మీద తూర్పుగా ఓ ఇరవై నిమిషాలు పోతే లైల్ అనే ఊళ్ళో మోర్టన్ ఆర్బొరేటమ్ ఉంది. అక్టోబరులో ఆకులు రంగు మారుతుంటే పిల్లల్ని తీసుకుని అందరం వెళతాం, ఫొటోలు తీసుకుంటాం, పులిహోర తింటాం. ఆ వనాన్ని 1922లో నెలకొల్పినవాడు జాయ్ మోర్టన్. ఆయన ఉప్పు వ్యాపారి. మన వంటింట్లో గూటిమీద ఉండే నీలంరంగు ఉప్పుడబ్బా, దానిమీద గొడుగు పట్టుకున్న పాప, ఆ మోర్టన్ కంపెనీవే. ఈ ఉప్పు షావుకారుకీ, మనలో సగం మందికి కూడుపెట్టిన కంప్యూటరు పనికీ ఒక బీరకాయపీచు చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం పేరు సీరియల్ పోర్టు.

సీరియల్ అనగానే మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి వచ్చేది అనుకుంటారేమో, అది కాదు. కానీ మాట ఒకటే. అక్కడ కథ రోజుకో ముక్క వస్తుంది, ఇక్కడ అక్షరం బిట్టు తర్వాత బిట్టుగా ఒకే తీగమీద వరసగా వస్తుంది. పోర్టంటే రేవు కనక దీన్ని వరుసరేవు అందాం. పాత కంప్యూటర్ల వెనక ఇంగ్లీషు ‘డి’ ఆకారంలో తొమ్మిది సూదులతో ఉండేదే అది. ఆ సూదుల గూడు ఈనాటి లాప్‌టాపుల్లో కనపడదు. కానీ దానికోసం రాసిన ప్రోగ్రాములు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఎదురుగా రేవు లేదు, పడవ లేదు, అయినా సరుకు దిగుతోంది. ఇది ఎలా జరుగుతోంది, దీనికి మనం ఏ మూల్యం చెల్లిస్తున్నాం అన్నదే ఈ వ్యాసం.

1902లో ఫ్రాంక్ పెర్న్ అనే కుర్ర ఇంజనీరు జాయ్ మోర్టన్ దగ్గరికి వచ్చాడు. తంతి కొట్టేవాడితో పనిలేకుండా అక్షరాల్ని తనంతట తనే అచ్చువేసే యంత్రం చేస్తాను, పెట్టుబడి పెట్టండి అన్నాడు. మోర్టన్ తనకు తెలిసిన చార్లెస్ క్రమ్ అనే ఇంజనీరుని సలహా అడిగాడు. క్రమ్ శీతల గిడ్డంగుల వ్యాపారంలో పనిచేసేవాడు. పెర్న్ కొన్నాళ్ళకే విసుగెత్తి వెళ్ళిపోయాడు. క్రమ్ మాత్రం దాన్ని వదల్లేదు. తర్వాత ఆయన కొడుకు హోవర్డ్ కూడా చేరాడు. మోర్టన్, క్రమ్ పేర్లు అతికించి కంపెనీకి మోర్‌క్రమ్ అని పేరుపెట్టారు.

వాళ్ళకు అడ్డుపడ్డ చిక్కు ఏమిటంటే, ఈ చివర ఒక మోటారు, ఆ చివర ఇంకో మోటారు. రెండూ ఒకే వేగంతో తిరిగితేనే ఈ చివర పంపిన అక్షరం ఆ చివర అదే అక్షరంగా పడుతుంది. న్యూయార్కులో మోటారు, బోస్టన్ లో మోటారు గంటల తరబడి ఒకే అడుగులో తిరగటం అసాధ్యం. హోవర్డ్ క్రమ్ కనిపెట్టిన ఉపాయం చూడటానికి చాలా చిన్నది. గంటల తరబడి అడుగు కలవక్కరలేదు, ఒక్క అక్షరం సేపు కలిస్తే చాలు. ప్రతి అక్షరానికీ ముందు ‘మొదలు’ అని ఒక తట్టు, చివర ‘ఆగు’ అని ఒక తట్టు. కోలాటం ఆడేవాళ్ళని చూడండి, ప్రతి దెబ్బకీ కర్ర కర్రకి తగిలి తాళం మళ్ళీ కుదురుకుంటుంది. మధ్యలో ఎవరైనా వెంట్రుకవాసి ముందువెనకలైనా వచ్చే దెబ్బకి సర్దుకుంటారు. 1910లో పోస్టల్ టెలిగ్రాఫ్ కంపెనీ న్యూయార్కు–బోస్టన్ లైను మీద ఈ యంత్రాల్ని పెట్టింది.

ఈ మొదలు–ఆగు పద్ధతి నూరేళ్ళు దాటినా అలాగే ఉంది. ఇప్పుడు మోటార్లు లేవు, స్ఫటిక గడియారాలున్నాయి. ఎనిమిది బిట్ల అక్షరానికి ముందొకటి, వెనకొకటి కలిపి పది బిట్లు. అందుకునేవాడు ప్రతి బిట్టునీ దాని నడిమధ్యలో తొంగిచూస్తాడు. చివరి బిట్టు వరకు సగం బిట్టుకన్నా ఎక్కువ జారకూడదు. అంటే రెండు గడియారాల మధ్య నూటికి ఐదు వంతుల తేడా వచ్చినా పని నడుస్తుంది. ఇంత ఓర్పున్న ఏర్పాటు కాబట్టే ఇంతకాలం బతికింది.

మోర్‌క్రమ్ కంపెనీ 1920లలో క్లైన్‌ష్మిట్ కంపెనీతో కలిసి, 1928లో టెలిటైప్ కార్పొరేషన్ అయింది. 1930లో దాన్ని ఏటీ అండ్ టీ కొనేసింది. చికాగోలో మొదలైన కంపెనీ తర్వాత పక్కనే ఉన్న స్కోకీకి మారింది. మన దేశంలో దీనికి టెలిప్రింటరనే పేరు స్థిరపడింది. 1960లో మద్రాసు గిండీలో హిందూస్థాన్ టెలిప్రింటర్స్ వచ్చింది. తెలుగు పత్రికల్లో పనిచేసిన పెద్దల్ని అడగండి, వార్తాసంస్థల టెలిప్రింటరు టకటకలాడుతూ ఇంగ్లీషులో కాగితం కక్కుతుంటే, సబ్ ఎడిటర్లు చింపుకుని కూచుని తెలుగు చేసేవారు. అప్పటి యంత్రం అక్షరానికి ఐదు బిట్లే వాడేది, ముప్ఫైరెండు సంకేతాలు. ఇంగ్లీషుకే మీటలు మార్చి మార్చి సరిపెట్టుకోవాలి. తెలుగు దానిలో దూరే ప్రశ్నే లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

1963లో టెలిటైప్ మోడల్ 33 వచ్చింది. అదే ఏడు ఆస్కీ అనే ఏడు బిట్ల అక్షరసంకేతం ప్రమాణమైంది. మోడల్ 33 నూటపది బాడ్ వేగంతో నడిచేది. ఒక ‘మొదలు’, ఎనిమిది బిట్లు, యంత్రం నిలదొక్కుకోవటానికి రెండు ‘ఆగు’లు, మొత్తం పదకొండు. నూటపదిని పదకొండుతో భాగిస్తే సెకనుకి సరిగ్గా పది అక్షరాలు. చవక, మొండి, దొరుకుతుంది. కంప్యూటర్లు చేసేవాళ్ళు దాన్నే నోరుగా, చెవిగా తగిలించుకున్నారు. మన హైదరాబాదులో ఏ.ఎస్. రావుగారి ఈసీఐఎల్ టీడీసీ-12 చేసింది 1969లో. ఆ తరం చిన్న కంప్యూటరు ఏ దేశంలో చేసినా దానితో మాట్లాడాలంటే టెలిటైపు లాంటి యంత్రమే దిక్కు.

బెల్ ల్యాబ్స్ లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ రాసుకుంటున్నప్పుడు వాళ్ళ బల్లమీద ఉన్నదీ ఏటీ అండ్ టీ బిడ్డే అయిన టెలిటైపే. యూనిక్స్ లో ఆ పరికరానికి పెట్టిన పేరు ‘టీటీవై’, టెలిటైపుకి పొట్టిపేరు. నేపర్‌విల్ లో మన అరోరా పక్కనే బెల్ ల్యాబ్స్ వారి ఇండియన్ హిల్ ప్రయోగశాల 1966 నుంచి ఉండేది. 5ఈఎస్ఎస్ టెలిఫోను ఎక్స్ఛేంజి అక్కడి పనే. మొదటిది 1982లో ఇక్కడికి నైరుతిగా ఉన్న సెనెకా అనే చిన్న ఊళ్ళో పెట్టారు. దాన్ని నడిపే కంప్యూటర్ లోపల ఉన్నదీ యూనిక్స్ కి చుట్టమే. ఆ ప్రయోగశాలలో ఉద్యోగానికని ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ పత్రిక పాఠకుల్లోనే ఉండి ఉంటాయి. ఉప్పు షావుకారు నాటిన మొక్క ఇలా నా ఇంటి చుట్టూనే పెరిగిందని తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది.

టెలిటైపు పోయింది, దాని అలవాట్లు పోలేదు. విండోస్ లో వరస చివర రెండు గుర్తులు పడతాయి, ఒకటి ‘బండి వెనక్కి’, ఇంకొకటి ‘కాగితం పైకి’. బండి వెనక్కి రావటానికి టైము పడుతుంది కనక రెండు వేర్వేరు ఆజ్ఞలు. ఇవాళ ఏ బండీ లేదు. లినక్సు తెరమీద కంట్రోల్–ఎస్ నొక్కితే అంతా బిగుసుకుపోతుంది, కంట్రోల్–క్యూ నొక్కితే కదులుతుంది. కొత్తగా చేరిన పిల్లలు కంగారుపడి యంత్రాన్ని ఆపేస్తారు. అవి కాగితపు టేపు చదివే పరికరానికి ‘నిలు’, ‘నడు’ అని చెప్పే గుర్తులు.

ఇక అసలు వేషాలు ఎప్పుడు మొదలయ్యాయో చూద్దాం. మన పల్లెల్లో పగటివేషగాళ్ళు వచ్చేవారు. ఒకనాడు సోమయాజులు, సోమిదేవమ్మ, మర్నాడు ఫకీరు, ఆ మర్నాడు సర్కారు ఉద్యోగి. మంచి వేషగాడైతే కరణంగారు కూడా లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడట. వేషం గొప్పతనం మొహానికి రంగులో లేదు, అడిగినదానికల్లా ఆ మనిషి చెప్పే జవాబే చెప్పటంలో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ లో డ్రైవరు అనే ముక్క చేయగలిగింది ఇదే. ప్రోగ్రాము ఎప్పుడూ పరికరాన్ని చూడదు. డ్రైవరుని అడుగుతుంది, డ్రైవరు చెప్పింది నమ్ముతుంది. కనక పరికరం లేకపోయినా డ్రైవరు సరైన జవాబులు చెబితే చాలు.

యూనిక్స్ లో ఈ వేషానికి సూడో టెర్మినల్ అని పేరు. 1983లో వచ్చిన బర్కిలీ 4.2 తో అది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఒక జోడు ఉంటుంది. ఒక కొసన ఉన్న ప్రోగ్రాము తన ముందు టెలిటైపు ఉందనుకుంటుంది. రెండో కొసన కూర్చున్న ఇంకో ప్రోగ్రాము ఆ టెలిటైపు పాత్ర ఆడుతుంది, అక్షరాలు అందుకుని కిటికీలో బొమ్మ గీస్తుంది. మధ్య తీగ లేదు, డ్రైవరే తీగ. ఇవాళ మీ పిల్లలు లినక్సు మీదో మాక్ మీదో నల్లకిటికీ తెరిచి ఏదైనా టైపు చేస్తే, దాని కింద ఉన్నది ఇదే. ‘ఎస్‌టీటీవై’ అనే కమాండు కొట్టి చూడమనండి. లినక్సయితే సాధారణంగా వేగం 38400 బాడ్ అంటుంది, మాక్ అయితే 9600 అంటుంది. లేని తీగకి వేగం! అడిగారు కనక ఏదో ఒకటి చెప్పాలి, చెబుతుంది. 300 కి తగ్గించమంటే సరే అంటుంది, తగ్గించానని కూడా అంటుంది, ఏమీ జరగదు.

లినక్సు పుట్టుక కూడా ఈ కిటికీలోనే. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదట రాసుకున్నది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, మోడెము ద్వారా యూనివర్సిటీ కంప్యూటరుని అందుకోవటానికి ఒక టెర్మినల్ వేషం. అది పెరిగి పెరిగి లినక్సయింది.

పర్సనల్ కంప్యూటరు దారి వేరు. 1981లో ఐబీఎం పీసీలో 8250 అనే చిప్పు పెట్టారు. దానికొచ్చే గడియారం సెకనుకి 18,43,200 తట్లు. చిప్పు దాన్ని పదహారుతో భాగిస్తే 1,15,200. మళ్ళీ పన్నెండుతో భాగిస్తే 9600. మన లాబుల్లో మంత్రంలా రాసుకున్న 9600 వెనక ఉన్న లెక్క ఇది. డాస్ కాలంలో ప్రోగ్రాములు డ్రైవరు గుమ్మం తొక్కేవి కావు. సరాసరి చిప్పు చిరునామా 3ఎఫ్8 కి వెళ్ళి తలుపు తట్టేవి. ఇలాంటివాటిని మోసగించటం కష్టం, ఎందుకంటే ఇవి మధ్యవర్తిని నమ్మవు. విండోస్ ఎన్‌టీ వచ్చాక మామూలు ప్రోగ్రాములు చిప్పుని ముట్టుకోకుండా ప్రాసెసరే అడ్డుపడేలా చేశారు. చిరునామా తలుపు తట్టగానే ప్రాసెసరు ఆపి ఆపరేటింగ్ సిస్టమ్ కి కబురుపెడుతుంది. అది ఆ చిప్పు ఏం జవాబిచ్చేదో ఆ జవాబు చేతిలో పెట్టి మళ్ళీ నడిపిస్తుంది. ప్రోగ్రాముకి కాలం ఒక క్షణం ఆగిందని తెలియదు. ఇవాళ క్యూఈఎమ్‌యూ వంటి సాధనాలు ఒక యంత్రంలో ఇంకో యంత్రాన్ని సృష్టించేటప్పుడు చేసేదీ ఇంతే. 8250 కి తమ్ముడైన 16550 చిప్పుని పొల్లుపోకుండా నటిస్తాయి. 2021లో అమెజాన్ తన కిరాయి కంప్యూటర్లకి ‘సీరియల్ కన్సోల్’ ఇచ్చింది. ఎక్కడో డేటా సెంటర్ లో, ఉందో లేదో తెలియని యంత్రానికి, లేని రేవు. నెట్‌వర్కు చెడి యంత్రం అందకుండా పోయినప్పుడు దాన్ని బతికించే ఆఖరి తాడు అదే.

మా తరానికి బాగా తగిలిన వేషం మాత్రం విన్‌మోడెము. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ఇంటర్నెట్టు తెరిచింది. విద్యార్థుల ఖాతాలో బొమ్మలుండేవి కావు, ఫోను తీగ మీద వట్టి యూనిక్స్ తెర. నేను ఇంజనీరింగు చదివే రోజులకి మోడెము ధర బాగా దిగింది. ఎలా దిగిందంటే, మోడెములో ఉండాల్సిన ముక్కలు తీసేసి. పాత మోడెములో వరుసరేవు చిప్పు, ధ్వనిని లెక్కకట్టే ప్రాసెసరు ఉండేవి. కొత్తదానిలో ఫోను తీగకి అతికే చిన్న ముక్క తప్ప దాదాపు ఏమీ లేదు. మిగతాదంతా విండోస్ డ్రైవరు నటించేది. ‘కామ్ 3 లో నేను మోడెముని’ అని చెప్పుకుని, డయల్ చేయమంటే చేసి, ఆ కీచుమనే శబ్దాలన్నీ మన ప్రాసెసరుతోనే లెక్కకట్టించేది. ఆ పేరు మీద హక్కు యూఎస్ రోబోటిక్స్ వారిది, అప్పట్లో వాళ్ళదీ స్కోకీయే! టెలిటైపు చేసిన ఊళ్ళోనే దాని కొడుకు కోడలి వేషం వేశారన్నమాట. అదే కంప్యూటరులో లినక్సు వేసుకున్న మా స్నేహితులకి మోడెము ఉన్నట్టే ఉండేది కాదు. వేషగాడు విండోస్ ఊరివాడు, ఈ ఊరికి రాడు. పరికరం మన చేతిలో ఉన్నా దాని ప్రాణం ఎక్కడో రాక్షసుడి చిలకలా ఇంకొకరి డ్రైవరులో ఉందని మాకప్పుడు అర్థమైంది.

1998లో ఆపిల్ ఐమాక్ పాత రేవులన్నీ తీసేసి యూఎస్‌బీ పెట్టింది. 2000 తర్వాత లాప్‌టాపులు ఒకటొకటిగా ఆ దారే పట్టాయి. అప్పటికి ప్రపంచంలో వరుసరేవుతో తప్ప మాట్లాడని యంత్రాలు కోకొల్లలు. రక్తపరీక్షల యంత్రాలు, లేతు మిషన్లు, తూకాలు, నగదు పెట్టెలు. తూకం యంత్రం పాతికేళ్ళు పనిచేస్తుంది, దాన్ని చదివే ప్రోగ్రాము రాసిన కంపెనీ పదేళ్ళకే మూతపడుతుంది. అసలు సోర్సు ఎవరి దగ్గరా ఉండదు. నా ఉద్యోగంలో కొన్నేళ్ళు నేను చేసింది ఇలాంటి ప్రోగ్రాములకి రేవుల్ని నటించే డ్రైవర్లు రాయటమే. ఒక పాత ప్రోగ్రాముకి కామ్ 1 నుంచి కామ్ 4 దాకానే తెలుసు, ఐదోది ఉంటుందని దానికి చెప్పేవాళ్ళు లేరు. దాని కోసం నెట్‌వర్కు మీద మూడు గదులవతల ఉన్న తూకాన్ని కామ్ 2 అని నమ్మించాలి. దీనికి 1997లోనే ఒక ప్రమాణం ఉంది, 2217 నంబరు పత్రం. రేవు తాలూకు వేగం, సూదుల స్థితి అన్నీ నెట్‌వర్కు మీద ఎలా చెప్పుకోవాలో అందులో ఉంటుంది. ఇలాంటి పనికి చప్పట్లుండవు. సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ కనపడదు. లినక్సులో టీటీవై భాగాన్ని చూసుకుంటున్న అలన్ కాక్స్ అంతటివాడు 2009లో టోర్వాల్డ్స్ తో మాటామాటా వచ్చి ఆ బాధ్యత వదిలేశాడు. ఆ పాత కోడు పాము పుట్టలాంటిది, చెయ్యి పెట్టినవాడికే తెలుస్తుంది.

వేషగాడు మాట నటించగలడు, నాడి నటించలేడు. నిజమైన తీగమీద ఒక సూది లేచిందంటే మైక్రోసెకన్లలో తెలుస్తుంది. అందుకే జీపీఎస్ గడియారం నుంచి సెకనుకొక తట్టుని ఆ సూదిమీద అందుకుని కంప్యూటర్ల టైము సరిచేసుకుంటారు. మధ్యలో యూఎస్‌బీ వస్తే కంప్యూటరు వంతు వేసుకుని మిల్లీసెకనుకొకసారో, ఇంకాస్త తరచుగానో అడిగితే తప్ప పరికరం నోరువిప్పదు. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పుల్లో మామూలుగా పదహారు మిల్లీసెకన్ల దాకా నాలుగక్షరాలు పోగుచేసి పంపే ఏర్పాటుంది. మనిషికి అది రెప్పపాటు కూడా కాదు. కానీ ‘పది మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే యంత్రం చచ్చిందని అనుకో’ అని రాసిన పాత ప్రోగ్రాముకి అది యుగం. అక్షరాలన్నీ సరిగ్గా చేరతాయి, అయినా పని చెడుతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవటం ఎంత నరకమో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కరలేదు.

టైముకన్నా పెద్ద ప్రశ్న, వేషగాడు ఎవరి మనిషి అన్నది. పైన చెప్పిన ఎఫ్‌టీడీఐ స్కాట్లండు కంపెనీ. వాళ్ళ యూఎస్‌బీ–సీరియల్ చిప్పుకి మార్కెట్టులో నకళ్ళు వెల్లువెత్తాయి. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వాళ్ళ కొత్త డ్రైవరు జనం కంప్యూటర్లలోకి వచ్చింది. అది నకిలీ చిప్పు కనపడితే దాని గుర్తింపు సంఖ్యని చెరిపి సున్నా చేసింది. ఇక ఆ పరికరాన్ని కంప్యూటరు గుర్తుపట్టదు, ఇంకో కంప్యూటరుకి తగిలించినా అంతే. గోల పుట్టాక ఆ డ్రైవరుని వెనక్కి తీసుకున్నారు. 2016లో ఇంకో ఎత్తు వేశారు. నకిలీ చిప్పయితే మనం పంపిన అక్షరాలకి బదులు ‘అసలు పరికరం కాదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కని తీగమీద పంపటం. కంపెనీకి కోపం రావటంలో న్యాయం ఉంది, వాళ్ళ సొత్తు దొంగిలించారు. కానీ శిక్ష పడింది దొంగకి కాదు. తన యంత్రంలో ఏ చిప్పు ఉందో కూడా తెలియని దుకాణదారుకి, ప్రయోగశాల వాడికి పడింది. ఆ తీగకి అవతల ఉన్నది మోటారయితే, తెలియని మాటలు వింటే అది ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? నా మటుకు నాకు అది క్షమించరాని పని. డ్రైవరుకి కోపం ఉండకూడదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఎవరికైనా వర్తించేవి. మన భాషకి వర్తించేది ఒకటుంది. తెలుగు కంప్యూటరు తెరమీదికి వచ్చిన దారుల్లో వరుసరేవు ఒకటి. ఐఐటీ కాన్పూరులో మొదలై పుణే సీడాక్ లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానంతో 1980ల చివరినుంచి భారతీయ లిపుల టెర్మినళ్ళు వచ్చాయి. యూనిక్స్ యంత్రానికి అవి మామూలు వీటీ రకం టెర్మినళ్ళలాగే కనపడేవి, అంటే అవీ వేషమే. తెరమీద మాత్రం తెలుగు వచ్చేది. 1991లో ప్రమాణమైన ఇస్కీ సంకేతంలో కింది సగం ఇంగ్లీషుకి, పై సగం మన లిపికి. ఎనిమిదో బిట్టు ఉంటేనే మనం ఉన్నట్టు. లైను ఏడు బిట్లకి కుదించి ఎనిమిదోదాన్ని తప్పు పట్టుకోవటానికి వాడుకుంటే, మధ్యలో తెలుగు కాస్తా ఇంగ్లీషు పిచ్చిగీతలయిపోవాల్సిందే.

ఆ తర్వాత యూనికోడ్ వచ్చింది, మన సంకేతాల సంగతి తేలిపోయింది. కానీ టీటీవై సంగతి తేలలేదు. టెలిటైపు బండి ఒక అక్షరానికి ఒక గడి చొప్పున జరిగేది. మన నల్లకిటికీ ఇవాళ్టికీ గళ్ళ కాగితమే. ‘తెలుగు’ అనే మాటలో మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లో ఆరు సంకేతాలు. ఎత్వం పక్కకి జరగని గుర్తుగా, కొమ్ములు చోటు తీసుకునే గుర్తులుగా ప్రమాణంలో నమోదయ్యాయి. కనక చాలా టెర్మినళ్ళ లెక్కలో ఆ మాటకి ఐదు గళ్ళు. మూడక్షరాల మాట ఐదు గళ్ళలో సాగదీసి, అక్షరం అక్షరానికీ మధ్య సందుతో, పళ్ళూడిన నవ్వులా కనపడుతుంది. కిటికీ గీసే ప్రోగ్రామువాళ్ళు కొందరు దీన్ని సరిచేస్తున్నారు. కింద ఉన్న డ్రైవరుది ఇంకా పాత లెక్కే.

చెరిపే మీట నొక్కితే డ్రైవరు ఒక బైటు చెరిపేది. తెలుగు సంకేతం ఒక్కొక్కటీ యూటీఎఫ్–8 లో మూడు బైట్లు. ఒకటి చెరిపితే మిగిలిన రెండూ దేనికీ పనికిరాని శకలాలు. 2004లో లినక్సు 2.6.4 లో ఒక చిన్న జెండా చేర్చారు. దానితో బైటు కాక సంకేతం మొత్తం చెరుగుతుంది. వేషాన్ని మార్చటానికి వీలుందని, పాత యంత్రాన్ని ఉన్నదున్నట్టు నటించటమే ధర్మం కాదని ఒప్పుకున్న సందర్భం అది. కానీ సగం దూరమే వెళ్ళారు. సంకేతానికొక గడి అనే లెక్క అలాగే ఉంది.

కావాలంటే మీ పిల్లల చేత పరీక్ష చేయించండి. ఏదైనా మామూలు లినక్సు యంత్రం మీద, పేరు అడిగి చదివే నాలుగు వరసల సి ప్రోగ్రాము రాయమనండి. ‘మీ పేరు’ అనటానికి ఇంగ్లీషులో ‘నేమ్’ అని రెండు చుక్కలు పెట్టి అడిగించండి. దానికి జవాబుగా ‘లక్ష్మి’ అని కొట్టి, ఎంటర్ నొక్కకుండా మళ్ళీ వెనక్కి చెరపమనండి. లక్ష్మిలో ఏడు సంకేతాలున్నాయి. వాటిలో రెండు పొల్లులూ గుడీ చోటు తీసుకోనివి కనక టెర్మినల్ ఆ పేరుకి నాలుగు గళ్ళే ఇస్తుంది. డ్రైవరు మాత్రం ఏడు మీటలకీ ఏడు గళ్ళు వెనక్కి జరిగి ఏడు గళ్ళూ చెరుపుతుంది. లక్ష్మితో పాటు, ముందున్న ప్రశ్నలోంచి మూడు గళ్ళు కూడా పోతాయి.